మడుగువాళ్ళ విభూది బుధవారం

డెట్రాయిట్
1954 మార్చి 3, విభూది బుధవారం

అక్కా,

బావ చేత నువ్వు పంపిన గిన్నె అందింది. దాని వల్ల ఇవాళ నాకు జరిగిన మర్యాద రాస్తున్నాను, పొయ్యి కట్టేసి కూర్చుని చదువు.

పొద్దున షిఫ్టుకి ముందే గుడికి వెళ్ళి నుదుట విభూది పెట్టించుకున్నాను. ఫ్యాక్టరీలో మా వరసలో సగం మంది నుదుళ్ళ మీద అదే మరక. మామూలు రోజుల్లో పోలిష్ వాళ్ళదో బల్ల, ఐరిష్ వాళ్ళదో బల్ల, మన మడుగు ఫ్రెంచివాళ్ళలాంటి చిల్లరమల్లర జనం గోడ పక్కన. ఇవాళ మాత్రం అందరం ఒక్కటే అనిపించింది. గుండె పొంగింది. ఆ పొంగులో మధ్యాహ్నం నా అంతట నేనే వెళ్ళి స్టాష్ పక్కన కూర్చున్నాను. స్టాష్ అంటే నా అద్దింట్లో పక్క గది పోలిష్ కుర్రాడు, ఫ్యాక్టరీలోనూ నా పక్క మిషనే. ఇవాళ మాంసం ముట్టకూడదు, చేపైతే తినొచ్చు కదా, వాడు ఉప్పుచేప, రొట్టె తెచ్చుకున్నాడు. నేను గిన్నె మూత తీశాను.

"కుందేలా?" అన్నాడు.

"నీటెలుక," అన్నాను, తలెత్తి.

"ఏంటీ, ఎలుకా?"

"నీటెలుక. మా మడుగులో పడతాయి. మా అక్క వండింది."

వాడు బల్ల మొత్తానికి వినిపించేలా అన్నాడు: "నుదుటి మీద బూడిద, నోట్లో మాంసం. ఒరేయ్ ఆంబ్రోజ్, దేవుడికి టోపీ పెట్టడం మీ ఊళ్ళో బళ్ళో నేర్పుతారా?"

నేను లేచి నిలబడ్డాను. మాకు అనుమతి ఉందన్నాను. 1812 నాటి పాత యుద్ధం రోజుల నుంచీ ఉంది, మా ఊరి గుడి గురువే, అప్పటి ఫాదరే ఇచ్చాడు అన్నాను. "అయితే కాగితం చూపించు," అన్నాడు. బల్లంతా నవ్వింది. కొట్టలేదులే. నుదుట విభూది ఉందని ఆగాను. కానీ గిన్నె ఖాళీ చేశాకే లేచాను, ఆ మాత్రం పౌరుషం ఉంది నాకు.

సాయంత్రం ఇక్కడి ఫాదర్ గారిని అడిగాను. ఆయనా నవ్వాడు. "నాలుగు కాళ్ళు, ఒంటినిండా బొచ్చు, పిల్లలకి పాలిస్తుంది. చేపంటావా నాయనా?" అన్నాడు. గుడి వెనకాల చెక్క అరలో చిన్న పుస్తకాలు అమ్ముతారు. ఉపవాసాల మీద ఉన్నవన్నీ కొనుక్కొచ్చి చదివాను. తాబేలు తినొచ్చట, కప్ప తినొచ్చట, నత్త తినొచ్చట. నీటెలుక మాట ఎక్కడా లేదు.

ఎవరిచ్చారు మనకి అనుమతి? ఎక్కడ రాసుంది? శుక్రవారానికల్లా నాకు తెలియాలి.

నీ తమ్ముడు,
ఆంబ్రోజ్


పాయింట్ ఓ షెన్, ఈరీ సరస్సు ఒడ్డు
మార్చి 9

తమ్ముడూ,

శుక్రవారం దాటిపోయింది. ఇక్కడ వలల మీద, బోనుల మీద మంచు, బావకి చేతులు పగిలి ఉన్నాయి, నీటెలుక తోళ్ళు నేనే పలకలకి బిగించి ఆరబెట్టాను. నీ స్టాష్ కోసం పరుగెత్తి పోస్టాఫీసుకి పోలేకపోయాను, క్షమించమను.

కాగితం లేదురా. ఏనాడూ లేదు. ఫాదర్ గిల్బో గారిని అడిగితే, "నేను వచ్చేసరికే వండుతున్నారు, నేనూ తిన్నాను" అన్నారు. పాత యుద్ధంలో సైనికులు ఊరిని ఊడ్చేశాక అప్పటి గురువుగారు తినమన్నారని అందరికీ తెలుసు. నీకూ తెలుసు. ప్రతి యేడూ నాయనమ్మ చెప్పేది నీ పక్కన కూర్చునే విన్నాను నేను.

నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. వాళ్ళు నిన్ను చూసి నవ్విన చోట్లు దాటేశాను. ఎక్కడెక్కడ దాటానో ఆవిడకి ఇట్టే తెలిసిపోయింది. "వాణ్ణి పోలిష్ వాళ్ళకి వీపు పెట్టి తినమను," అంది. అదీ ఆవిడ తీర్పు.

మొన్న శుక్రవారం గుడి హాల్లో నీటెలుకల విందు బాగా జరిగింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. నీ వాటా తినేవాడు లేక మిగిలిందని అనుకోకు, హెక్టర్ తాత తినేశాడు.

వచ్చే వారం మళ్ళీ పంపనా, మానేయనా?

ఓడీల్


డెట్రాయిట్
మార్చి 14

అక్కా,

పంపకు.

"అందరికీ తెలుసు" అనేది జవాబు కాదు. లోకంలో అన్యాయాలన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. యూనియన్ రాకముందు మా ఫోర్‌మన్ కూడా అదే అనేవాడట, ఎవడికెంత పని ఇవ్వాలో అందరికీ తెలుసు అని. రాత లేని హక్కు హక్కు కాదు, ఎదుటివాడు జాలిపడి విదిలించిన ముక్క.

నేను సిగ్గుపడి ఇలా రాయడం లేదు, గర్వం ఉండబట్టే రాస్తున్నాను. మనవాళ్ళు దొంగచాటుగా తినే జనం కారు. వీపు పెట్టి ఎందుకు తినాలి? మాంసం కాకపోతే అందరి ముందూ తినాలి. మాంసమే అయితే దేవుడి ముందు ఇన్నేళ్ళూ అబద్ధం ఆడుతున్నట్టే, ఇవాళే మానేయాలి. నడిమధ్య నిలబడే అలవాటు నాకు లేదు.

అందుకని బిషప్ గారికి ఉత్తరం రాశాను. ఊరి పేరు, గుడి పేరు, విందు సంగతి, అన్నీ. తేల్చి చెప్పమన్నాను. పోస్టులో వేసి వచ్చాకే నీకు చెబుతున్నాను. ముందు చెబితే ఆపేదానివి.

మన మడుగు మొత్తం మీద ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఒక్కడికైనా ఉందని నువ్వు సంతోషించాలి.

ఆంబ్రోజ్


పాయింట్ ఓ షెన్
మార్చి 29

ఆంబ్రోజ్,

నిన్న పూజలో బైబిల్లోంచి సువిశేషం చదివాక ఫాదర్ గిల్బో గారు బిషప్ గారి కచేరీ నుంచి వచ్చిన ఉత్తరం చదివారు. విచారణ పూర్తయ్యేదాకా శుక్రవారాల్లో, ఉపవాస దినాల్లో నీటెలుక ముట్టకూడదు. "ఈ గుడికి చెందిన ఒక యువకుడు" అడిగిన మీదట అని కూడా ఉంది. పేరు లేదు. అక్కర్లేకపోయింది. మన వరస వైపు తిరగని తల లేదు.

ఫాదర్ గిల్బో గారు తలెత్తకుండానే చదివారు. ఆయనకి చీవాట్లు కూడా వచ్చాయట, ఇన్నేళ్ళూ ఊరుకున్నందుకు.

బావ పగిలిన చేతులతోనే మిగిలిన బోనులన్నీ ఎత్తుకొచ్చి కొట్టంలో పడేశాడు. నువ్వు ఇప్పుడు రాకు. ఆయన నీ మొహం చూసే స్థితిలో లేడు.

నాయనమ్మ బాగానే ఉంది. ఆవిడ సంగతి అడగకు.

ఓడీల్


డెట్రాయిట్
ఏప్రిల్ 3

అక్కా,

నిజం అడిగినవాడి మీదే అందరికీ కోపం. చదివాను, ఎక్కడైనా ఇంతే. ఊరు నన్ను వెలివేసినా నాకు బాధ లేదు. ఫాదర్ గిల్బో గారికి చీవాట్లు పడాలని నేను అనుకోలేదు, ఆ సంగతి ఆయనకి చెప్పు. బావకి మాత్రం నేనేమీ చెప్పను. ఆయన బోనులు శనివారం నాడూ పనిచేస్తాయి, వాటికి ఉపవాసం లేదు.

ఇక్కడ స్టాష్ భుజం తట్టాడు. "సబాష్, నువ్వన్నా నిజాయితీగా ఉన్నావు," అన్నాడు. ఆ మాట విని గర్వపడాలి కదా. వాడి చెయ్యి విదిలించేశాను. ఎందుకో చెప్పలేను.

"నాయనమ్మ బాగానే ఉంది, అడగకు" అని రాశావు. బాగుంటే అడగకూడదా? అడుగుతున్నాను. రాయి.

ఆంబ్రోజ్


పాయింట్ ఓ షెన్
ఏప్రిల్ 20

తమ్ముడూ,

రాయకూడదనుకున్నాను. ఈస్టరు దాటాక ఇంక దాచలేను.

నాయనమ్మ సత్ప్రసాదానికి వెళ్ళడం మానేసింది.

బిషప్ గారి ఉత్తరం చదివిన ఆదివారం నుంచీ. గుడికి వస్తుంది, తన చోట కూర్చుంటుంది, అందరం లేచి ముందుకి వెళితే ఆవిడ జపమాల పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఈస్టరు నాడు కూడా లేవలేదు. ఎనభై దాటిన మనిషి, ఊహ తెలిశాక ఒక్క ఈస్టరు వదలని మనిషి, తెల్ల టోపీ పెట్టుకుని, కళ్ళు నేలకి దించుకుని అలా కూర్చుని ఉంటే, పక్కనుంచి నడిచి వెళ్ళడం నాకు చేతకాలేదు. నేనూ కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చాక అడిగాను. "అది మాంసం అని తేలితే, నేను ఈస్టరు ముందు ప్రతి తపస్సు కాలంలోనూ మాంసం తిని, ఆ నోటితోనే సత్ప్రసాదంలో ప్రభువుని పుచ్చుకున్నట్టు కదా," అంది. "నా ఒక్కదానితో పోలేదు. నా పిల్లలకి పెట్టాను. మీకు పెట్టాను. తేలేదాకా వెళ్ళను." ఫాదర్ గిల్బో గారు వచ్చి బతిమాలారు, నీ పాపం ఏమీ లేదమ్మా అని. "మీరూ తిన్నారుగా, మీరు చెప్తే చెల్లదు," అంది. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక వెళ్ళిపోయారు.

శుక్రవారాలు ఒట్టి రొట్టె ముక్క, నీళ్ళు. బలహీనపడింది. ఈ వయసులో, విచారణ తేలేదాకా ఎలా తట్టుకుంటుంది?

నిన్ను ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఓడీల్


డెట్రాయిట్
మే 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. తర్వాత ఒక రోజు షిఫ్టు మానేసి బిషప్ గారి కచేరీకి వెళ్ళాను. అపాయింట్‌మెంటు లేదన్నారు. వరండాలో నిలబడ్డాను. వెళ్ళిపొమ్మన్నారు. నిలబడే ఉన్నాను. చివరికి ఫాదర్ మల్వేనీ అని కుర్ర గురువు ఒకాయన బయటికొచ్చాడు, ఈ ఫైలు ఆయన చేతిలోనే ఉందట.

"ఆ ఉత్తరం రాసింది నువ్వేనా?"

"నేనే."

"మరి ఇప్పుడేం కావాలి?"

"ఆ ఆచారాన్ని నిలబెట్టాలి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఫిర్యాదీవీ నువ్వే, వకీలువీ నువ్వేనా?"

నేను జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. ఈసారి సరైనది దొరికింది. ఊరి గురువులకి తెలిసి, ఎవరూ కాదనకుండా, మనుషుల జ్ఞాపకానికి అందనంత కాలంగా నడుస్తున్న ఆచారానికి చట్టంతో సమానమైన బలం ఉంటుందని అందులో ఉంది. ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. "ఇది మాకు తెలుసులే," అన్నాడు. "తెలిస్తే మా ముసలివాళ్ళని వచ్చి ఎందుకు అడగరు? మా నాయనమ్మ దేవుడికి దూరంగా కూర్చుని ఉంది, మీ ఫైలు బీరువాలో కూర్చుని ఉంది," అన్నాను. గొంతు పెద్దదైంది, ఒప్పుకుంటాను. పక్క గది తలుపులు తెరుచుకున్నాయి. ఆయన కోప్పడలేదు. వేసవి అయ్యాక వచ్చి అందరి దగ్గరా వాంగ్మూలం తీసుకుంటానని మాటిచ్చాడు.

ఇక అసలు సంగతి. జాగ్రత్తగా చదువు. అడిగినప్పుడు అందరూ ఒకే మాట మీద ఉండాలి. "పూర్వం మా పెద్దవాళ్ళు దీన్ని చేపల్లో లెక్కగట్టారు, నీళ్ళలో పుట్టి నీళ్ళలో తిరిగేది కాబట్టి." అంతే, ఇంకేమీ అక్కర్లేదు. ఇదే మాట అందరూ అంటే ఆచారం నిలబడుతుంది. ముఖ్యంగా నాయనమ్మ. ఊళ్ళో అందరికంటే పెద్దది, ఆవిడ మాటకే బలం ఎక్కువ. చేప అనమను అక్కా. ఒక్క మాట.

నేను కూడా వస్తాను ఆ రోజు.

ఆంబ్రోజ్


పాయింట్ ఓ షెన్
అక్టోబరు 17

తమ్ముడూ,

నిన్ను రావద్దని నాయనమ్మ ఎందుకు తంతి కొట్టించిందో ముందు చెప్పేస్తాను. "వాడొస్తే నా బదులు వాడే మాట్లాడతాడు," అంది. అదే కారణం.

ఫాదర్ మల్వేనీ నిన్న వచ్చారు. రబ్బరు బూట్లు వేసుకొచ్చారు, మన దారి గురించి ఎవరో చెప్పినట్టున్నారు. గుడి హాల్లో బల్ల వేశాం. ఊరంతా గోడల వెంట నిలబడింది.

నీ పాఠం అందరికీ చెప్పాను. చెప్పకపోతే బాగుండేది. ముందు హెక్టర్ తాతని పిలిచారు.

"చేపే బాబూ, చేపే," అన్నాడు, ఇంకా కూర్చోకుండానే.

"పొలుసులు ఉంటాయా తాతగారూ?"

"వలిచేసి వండుతాంగా, నేను చూళ్ళేదు."

వెనకాల ఎవరో పకపకా నవ్వారు. ఫాదర్ మల్వేనీ మాత్రం నవ్వకుండా రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా చేపే అన్నారు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, చూపులు పక్కకి తిప్పుకుని. ఒక్కొక్కళ్ళు చెబుతుంటే ఆయన కలం నెమ్మదించిపోయింది.

అప్పుడు ఫిలోమెన్ గారూ అని నాయనమ్మని పిలిచారు. కర్ర నా చేతికిచ్చి, బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, మీ పెద్దవాళ్ళు దీన్ని చేప అనేవారా?"

"ఎవరన్నారు? చేపకి బొచ్చుంటుందా? చిన్నప్పటి నుంచీ వలుస్తున్నాను, చేతులు రక్తం చేసుకుని. మాంసమే."

బావ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మిగతా అందరూ చేప అన్నారు," అన్నారు ఫాదర్ మల్వేనీ.

"వాళ్ళకి నా మనవడు నేర్పాడు. చేప అనమని ఉత్తరం రాశాడు. ముందు మీకు ఉత్తరం రాసినవాడూ వాడే. కోపం ముందు పుట్టింది వాడికి, బుద్ధి వెనకాల నడిచి వస్తోంది, వస్తుందిలెండి. నా మనవడే. అదీ రాసుకోండి."

నిజంగానే రాసుకున్నారు. తర్వాత కలం కింద పెట్టి, "మాంసమని తెలిసీ ఎందుకు తిన్నారమ్మా?" అని మెల్లగా అడిగారు.

అప్పుడు చెప్పింది. మనకి చెప్పినట్టే, ఒక్క మాట తేడా లేకుండా.

"ఆ యేడు చలికాలం సైనికులు ఆవుల్ని తినేశారు, కొట్టాలు కాల్చేశారు. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. విభూది నాడు గురువుగారు గడ్డకట్టిన మడుగు మీద నడిచి వచ్చారు, ఇంటింటికీ బూడిద పెట్టడానికి. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. అందులో ఏముందో వాసనే చెబుతుంది. వాళ్ళమ్మ సిగ్గుపడి కుండకి అడ్డం నిలబడిందట. ఆయన పిల్లల మొహాలు చూశాడు. ఆవిణ్ణి జరగమన్నాడు. మూత తీసి, తనే ముందు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగి, 'ఇప్పుడు పిల్లలకి పెట్టమ్మా' అన్నాడు. చేప అనలేదు. మాంసం అనీ అనలేదు. పెట్టమన్నాడు. తప్పుంటే ముందు తన మీద వేసుకున్నాడు."

"ఆ కరువు పోయాక మానేయవచ్చు కదా?"

"ఏ యేడు పోయిందో మీ పుస్తకాల్లో ఉంటే చెప్పండి ఫాదర్. మా అమ్మకి తెలీదు, నాకూ తెలీదు. సరే, తర్వాత తర్వాత తిండి దొరికింది. అయినా విభూది నాడు మా నాయనమ్మ కుండ దించి, ఆ యేటి కథ మొదటి నుంచీ చెప్పేదాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. ఆ రోజు కుండలో ఉప్పు పడనిచ్చేది కాదు. నేనూ అంతే చేశాను. మీరు మాంసం మాని గుర్తు చేసుకుంటారు. మేం ఇది తిని గుర్తు చేసుకుంటాం. ఉప్పు లేని నీటెలుక ఎప్పుడైనా తిన్నారా? రుచి కోసం ఎవరూ తినరు."

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆవిడ ఇంకా చెబుతోంది.

"ఆయన ఆ ఒక్క రోజుకే పెట్టమన్నాడేమో. మేమే సాగదీశామేమో. అది నాకు తెలీదు. అందుకే ఈస్టరుకి ముందు నుంచీ కూర్చునే ఉన్నాను. అది తేల్చడం మీ పని. వద్దంటే మానేస్తాం, మాకు మానడం కొత్త కాదు. అబద్ధం మీద మాత్రం తేల్చకండి. ఆయన మా కుండ మూత తీసి చూసి తిన్నాడు. మీరూ మూత తీసి చూసే చెప్పండి."

ఫాదర్ మల్వేనీ లేచి నిలబడ్డారు. చెయ్యి పట్టుకుని లేపారు ఆవిణ్ణి. హెక్టర్ తాత వెనక నుంచి, "ఫాదర్, నాది కొట్టేయండి, నేను మళ్ళీ చెబుతాను," అన్నాడు. తాత వెనకాలే మిగతా అందరూ వరస కట్టారు. చీకటి పడేదాకా రాసుకుంటూనే ఉన్నారు పాపం.

ఇవాళ ఆదివారం. పూజలో అందరం లేచినప్పుడు నాయనమ్మ కూడా లేచింది. నా భుజం పట్టుకుని ముందుకి నడిచింది. బిషప్ గారి మాట ఇంకా రాలేదు కదా అన్నాను, ఇంటికొచ్చాక. "నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక ఆయన ఇష్టం," అంది. ఏ ఆయనో చెప్పలేదు.

బావ నీకు రాయమన్నాడు, క్రిస్మస్‌కి రమ్మని. అంత మాత్రాన కోపం పోయిందనుకోకు.

ఓడీల్


డెట్రాయిట్
అక్టోబరు 22

అక్కా,

ఆవిడ మాటల్ని చదివాను, మళ్ళీ చదివాను. నేను చదివిన చిన్న పుస్తకాలన్నిట్లోనూ నిజం గురించి రాసుంది. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నేను చేప అన్నాను, ఆవిడ మాంసం అంది.

నన్ను అందరి ముందూ బయట పెట్టినందుకు కోపం రావాలి. రావడం లేదు. ఆవిడ మనవణ్ణి అని ఫైల్లో రాసి ఉంది కదా. అది చాలు.

క్రిస్మస్‌కి వస్తాను.

ఆంబ్రోజ్


పాయింట్ ఓ షెన్
1955 ఫిబ్రవరి 14

తమ్ముడూ,

తీర్పు వచ్చింది. నిన్న పూజలో చదివారు. నకలు ఒకటి నీకు పంపమని ఫాదర్ గిల్బో గారే చేతితో రాసిచ్చారు, ఇందులో పెట్టాను.

చేప అని ఎక్కడా లేదు. మాంసం కాదనీ లేదు. "కరువు నాడు కాపరి దయతో మొదలై, తరతరాలుగా దాపరికం లేకుండా నడిచిన ఆచారం" అని ఉంది. మడుగు ఒడ్డున మన గుడి ఎల్లల్లో నివసించేవాళ్ళు దాన్ని నిలుపుకోవచ్చు. ఈ ఎల్లల బయట నివసించేవాళ్ళకి ఇది వర్తించదు, వాళ్ళు ఈ గుడిలో పుట్టినవాళ్ళైనా సరే.

చివరి వాక్యం వినగానే బావ పూజలోనే ముక్కు బిగపట్టుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి నవ్వాడు. "అంటే ఊరంతా తినొచ్చు, అడిగినవాడు తప్ప," అన్నాడు. ఏడాది తర్వాత ఆయన అలా నవ్వడం చూశాను. ఊరంతా అదే మాట చెప్పుకుంటోంది, నువ్వే భరించాలి.

నాయనమ్మ నవ్వలేదు. "వాడు పాటిస్తాడా?" అని అడిగింది. తెలీదన్నాను. దొంగచాటుగా ఒక గిన్నె పంపించనా అని కూడా అడిగాను, నవ్వుతాలకే. కర్ర నేలకేసి కొట్టింది.

వచ్చే వారం విభూది బుధవారం నాడు కుండ పెడుతున్నాం. బోనులు మళ్ళీ నీళ్ళలో ఉన్నాయి.

ఓడీల్


డెట్రాయిట్
ఫిబ్రవరి 23, విభూది బుధవారం

అక్కా,

నాయనమ్మకి ఈ ఉత్తరం మొత్తం చదువు. ఏదీ దాటేయకు.

నేను పాటించాను. రూలు కావాలని అడిగినవాణ్ణి నేను, అది నా ఒక్కడి మీదే పడిందని గొణిగేంత చవటని కాను. ఇలాంటి తీర్పు ఈ దేశంలో ఎన్ని ఊళ్ళకి ఉంది చెప్పు. ఒక బిషప్ గారు కూర్చుని మన కుండ గురించి, మన కరువు గురించి, నిజం నిజంగా రాశాడు. నకలు గది గోడకి అంటించాను.

రాత్రి అద్దింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఇంటావిడ చిక్కుడుగింజల సూప్ వడ్డించింది, పక్కన నల్ల రొట్టె. అందరి నుదుళ్ళ మీదా విభూది. స్టాష్ నా పళ్ళెం వైపు చూశాడు.

"అనుమతి వచ్చిందన్నావుగా. మరి ఎలుక ఏదీ?"

"అనుమతి మా వాళ్ళకి. నేను ఇక్కడ ఉంటున్నాను. నాకు లేదు."

"అదేంటి, గొడవ పెట్టి తెప్పించినవాడివి నువ్వేగా?"

"నేనే."

"మరి నీకేం మిగిలింది?"

వాడు ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు. నాకు కోపం రాలేదు. రాసుకో అక్కా, నాకు కోపం రాలేదు.

లేచి నిలబడ్డాను. ఆ యేడు చలికాలం సైనికులు ఆవుల్ని తినేశారు, అని మొదలుపెట్టాను. కొట్టాలు చెప్పాను, గడ్డకట్టిన మడుగు మీద నడిచి వచ్చిన మనిషిని చెప్పాను, కుండకి అడ్డం నిలబడిన తల్లిని చెప్పాను. ఆవిడ సిగ్గు దగ్గరకి వచ్చేసరికి నా గొంతు నాయనమ్మ గొంతులా వినిపించింది నాకే. ఇంటావిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. స్టాష్ రొట్టె విరవబోయి వదిలేశాడు. తనే ముందు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, అని చెప్పాను. పెట్టమ్మా అన్నాడు, అని చెప్పాను.

కథ అయిపోయింది. ఎవరూ చెంచా ఎత్తలేదు. నేను చెప్పేదాకా ముట్టకూడదనుకున్నారు కాబోలు, అందరూ నా వైపే చూస్తున్నారు.

"తినండి," అన్నాను.

సూప్ చల్లారిపోయింది. అందరూ తిన్నారు.

ఫిలోమెన్ గారి మనవడు,
ఆంబ్రోజ్